గ్రాంటు సరే, చేతిచమురు ఎంత?

చిన్న స్వచ్ఛంద సంస్థలు గ్రాంటు దరఖాస్తులో ఎక్కువ రోజులు పెట్టేది సమస్యను వర్ణించడం మీద. బడ్జెట్ పేజీ మాత్రం గడువు ముందురోజు రాత్రి, పోయినేడాది ఫైలు తెరిచి అంకెలు మార్చి పంపేస్తారు. అవతల డబ్బిచ్చే ఫౌండేషన్‌లో దరఖాస్తులు చూసే ప్రోగ్రామ్ ఆఫీసరు, కాస్త అనుభవముంటే, తిరగేసి చదువుతారు. ముందు బడ్జెట్, తర్వాత పనుల పట్టిక, ఆ పైన ఓపికుంటే వర్ణన. మాటల్లో కప్పేసింది అంకెల్లో బయటపడుతుందని వాళ్లకు తెలుసు.

ఇది గ్రాంటు దక్కించుకునే చిట్కా అనుకోకండి. తప్పుడు బడ్జెట్‌తో గ్రాంటు దక్కితే, దక్కకపోవడం కన్నా ఎక్కువ నష్టం. డబ్బు వచ్చినందుకు ఫొటోలు దిగుతారు, ఇద్దరు కొత్తవాళ్లను తీసుకుంటారు, ఏడాది తిరిగేసరికి సంస్థ సొంత నిల్వ కరిగిపోయి ఉంటుంది. వాపును చూసి బలుపనుకోవడమంటే ఇదే. చేతిచమురు భాగవతం ఆడుతున్నామని ఆడేవాళ్లకే తెలియదు.

ఒక లెక్క చూద్దాం. ఏ దేశపు డబ్బైనా అనుకోండి, నిష్పత్తులు ముఖ్యం. ఒక సంస్థ పిల్లలకు సాయంకాలం చదువు చెప్పే కేంద్రం నడపాలనుకుంది. ఏడాదికి సగంపూట పనిచేసే టీచర్లిద్దరికీ కలిపి 130, సమన్వయకర్త సగం సమయానికి 60, పుస్తకాలూ సామగ్రికి 35, రానుపోను 15. మొత్తం 240. మామూలుగా ఇక్కడే ఆగిపోయి, ‘ప్రాజెక్టు ఖర్చు 240’ అని రాసేస్తారు.

కానీ ఆ టీచర్ల జీతాలు వేసేది ఎవరు? వోచర్లు రాసేది, సెలవులు చూసేది, ఆడిటర్‌తో కూర్చునేది, ఫౌండేషన్‌కి రిపోర్టు రాసేది ఎవరు? ఆఫీసు అద్దె, కరెంటు, ఇంటర్నెట్, బీమా, డైరెక్టరు జీతం, అకౌంటెంటు జీతం, ఆడిట్ ఫీజు అన్నీ కలిపి ఈ సంస్థ ఉమ్మడి ఖర్చు ఏడాదికి 300 అనుకోండి. కార్యక్రమాల్లో పనిచేసేవాళ్లు పూర్తికాలం లెక్కన ఐదుగురు. ఈ కేంద్రానికి పోయేది రెండు సగంపూట టీచర్లూ, ఒక సగం సమన్వయకర్తా, అంటే ఒకటిన్నర మంది. ఐదులో ఒకటిన్నర 30 శాతం. 300లో 30 శాతం 90. కేంద్రం నడపడానికి అసలు ఖర్చు 330 అన్నమాట.

ఇప్పుడు ఫౌండేషన్ ‘నేరుగా అయ్యే ఖర్చు మీద ఓవర్‌హెడ్ (అంటే ఉమ్మడి ఖర్చుల కింద) 10 శాతం దాకా ఇస్తాం’ అంటుంది. 240 మీద 24. చేతికొచ్చేది 264. తేడా 66. ఐదింట ఒక వంతు! దరఖాస్తు నెగ్గిన రోజునే ఆ 66 ఎక్కడి నుంచి తేవాలన్న అప్పు నెత్తిమీద పడింది. ఇలాంటివి మూడు నెగ్గితే సంస్థ కుదేలవుతుంది.

ఈ తేడా మన చిన్న సంస్థల చేతకానితనం వల్ల వచ్చింది కాదు. అమెరికాలో బ్రిడ్జ్‌స్పాన్ అనే సలహా సంస్థ 20 పేరున్న స్వచ్ఛంద సంస్థల పద్దులు విప్పి చూసి 2016లో ప్రకటించిన లెక్కలో, ఉమ్మడి ఖర్చులు నేరు ఖర్చుల్లో 21 శాతం నుంచి 89 శాతం దాకా ఉన్నాయి. మధ్యస్థం 40 శాతం. పై ఉదాహరణలో 240కి 90, అంటే 37.5 శాతం, ఏమీ దుబారా కాదు. అంతకు మూడేళ్ల ముందే, 2013లో, సంస్థల సమాచారమూ రేటింగులూ ఇచ్చే గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ మూడూ కలిసి దాతలకు బహిరంగ లేఖ రాశాయి, ఓవర్‌హెడ్ శాతాన్ని బట్టి సంస్థ మంచిచెడ్డలు తేల్చకండని. ఫోర్డ్ ఫౌండేషన్ ప్రాజెక్టు గ్రాంట్లలో ఈ పద్దును 10 నుంచి 20 శాతానికి పెంచింది. అమెరికా ఫెడరల్ గ్రాంట్లలో, విడిగా రేటు ఖరారు చేసుకోని సంస్థలు వేసుకోగల గరిష్ఠ రేటు 2024 అక్టోబరు నుంచి 10కి బదులు 15 శాతమైంది. గాలి మారుతోంది. అయినా మీ ఎదురుగా ఉన్న దరఖాస్తు ఫారంలో 10 అని ఉంటే 10తోనే బతకాలి.

అలాంటప్పుడు ఏం చేయాలి? ఉమ్మడి ఖర్చు అనుకుంటున్న వాటిలో నిజంగా ఈ ప్రాజెక్టుకే పోయేవి విడదీసి, నేరు ఖర్చులుగా చూపండి. అకౌంటెంటు వారానికి ఒక రోజు ఈ కేంద్రం పద్దులే చూస్తారా? అది ఒక లైను. కేంద్రం నడిచే గది అద్దె, ఆ గంటల మేరకు? ఇంకో లైను. పర్యవేక్షణకు డైరెక్టరు నెలకు రెండు రోజులు? మరొకటి. ఇలా 90లో 40 అవతలికి వెళ్లిందనుకోండి. నేరు ఖర్చు 280, దాని మీద 10 శాతం 28, చేతికొచ్చేది 308. తేడా 66 నుంచి 22కి దిగింది. ఒక్క జాగ్రత్త: ఇలా విడదీసిన ఖర్చు మళ్లీ ఉమ్మడి ఖర్చుల కుప్పలో ఉండకూడదు. ఒకే అద్దెను రెండుచోట్లా లెక్కవేస్తే ఆడిట్‌లో దొరుకుతుంది, దొరికితే తిరిగి కట్టాల్సి వస్తుంది. మిగిలిన 22 ఎవరు భరిస్తారో ట్రస్టీల సమావేశంలో పేరుపెట్టి రాసుకోవాలి. ‘ఎలాగోలా సర్దుకుంటాం’ అన్నది మినిట్స్‌లో రాసే మాట కాదు.

బడ్జెట్ లైను ఎలా రాయాలో కూడా చూడండి. ‘శిక్షణ కార్యక్రమాలు – 40’ అని ఉంటే చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు. ‘శిక్షణ: 8 సెషన్లు, ఒక్కో దానికి శిక్షకుడి ఫీజు 3, సామగ్రి 1.5, గది 0.5, మొత్తం 40’ అని ఉంటే ఎనిమిది ఎందుకు, ఆరు చాలవా అని వాళ్లు అడగగలరు, మీరు చెప్పగలరు. ఇంకో మేలు కూడా ఉంది. ఫౌండేషన్ అడిగిన దానికన్నా తక్కువ మంజూరు చేసినప్పుడు ఎన్ని సెషన్లు తగ్గుతాయో వెంటనే చెప్పొచ్చు. గుండుగుత్తగా రాసినవాళ్లు డబ్బు తగ్గినా పని అంతే చేస్తామని ఒప్పేసుకుని ఇరుక్కుంటారు. మంజూరు తగ్గితే లక్ష్యమూ తగ్గించి సవరించిన బడ్జెట్ పంపడం తప్పు కాదు, మర్యాద కూడా.

ఎవరిని అడగాలన్నది దీనికన్నా ముందరి ప్రశ్న, కానీ సులువైనది. ఫౌండేషన్ తన గురించి చెప్పుకునే మాటలు పక్కనపెట్టి, గత మూడేళ్లలో ఎవరికి ఎంత ఇచ్చిందో చూడండి. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్లు తమ పెట్టుబడి ఆస్తుల విలువలో దాదాపు 5 శాతం ఏటా దాతృత్వానికి ఖర్చు పెట్టి తీరాలి. ఇచ్చిన ప్రతి గ్రాంటూ 990-పీఎఫ్ అనే పన్ను పత్రంలో చూపాలి, అది ఎవరైనా చూడొచ్చు. బ్రిటన్‌లో త్రీసిక్స్‌టీ గివింగ్ అనే వేదిక ద్వారా చాలా ఫౌండేషన్లు తమ గ్రాంట్ల వివరాలు ఒకే నమూనాలో బయటపెడతాయి. మరోచోట వార్షిక నివేదికలు ఉంటాయి. అందులో పెద్ద గ్రాంటు మీద కన్నేయకండి, అది పాత స్నేహానిది అయ్యుంటుంది. అన్నీ వరుసగా పేర్చి మధ్యలోది చూడండి. మీ సైజు సంస్థకు మొదటిసారి ఎంతిచ్చారో వెతకండి. కొత్తవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. పాతికమందిలో ఇరవై నలుగురు పాతకాపులే అయితే ఆ దరఖాస్తుకు పెట్టే నలభై గంటలు వేరే పనికి వాడుకోవడం మంచిది.

ఊరికి సంబంధించిన పనులకు ముందు తట్టాల్సిన తలుపు కమ్యూనిటీ ఫౌండేషన్‌ది. ఒక ప్రాంతపు దాతలందరి డబ్బూ ఒక్కచోట నిధిగా పెట్టి, అక్కడి అవసరాలను బట్టి పంచే పద్ధతి ఇది. మొదటిది 1914లో క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు మొదలుపెట్టారు. చచ్చిపోయిన దాత రాసిన షరతులు కాలం చెల్లినా నిధిని పట్టుకుని వేలాడకూడదన్నది ఆయన ఆలోచన. కుటుంబ ఫౌండేషన్లలో నిర్ణయం ఇద్దరు ముగ్గురి చేతిలో ఉంటుంది, త్వరగా తేలుతుంది, అంతే త్వరగా అభిరుచి మారుతుంది. కంపెనీ ఫౌండేషన్లకు తమ ఉద్యోగులు పాల్గొనే అవకాశమూ, పేరు కనబడటమూ కావాలి. అందులో దాపరికమేమీ లేదు, ముందే అడిగి తెలుసుకుంటే చాలు.

దరఖాస్తుతోపాటు అడిగే కాగితాలు దాదాపు ఎక్కడైనా ఒకటే: రిజిస్ట్రేషన్ పత్రం, పన్ను మినహాయింపు ఉత్తర్వు, రెండు మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ట్రస్టీల జాబితా, సంస్థ పేరుమీదున్న బ్యాంకు ఖాతా రుజువు, పిల్లలతో పనైతే పిల్లల రక్షణ విధానం. ఒక ఫోల్డరులో పెట్టి మూడు నెలలకోసారి సరిచూసుకుంటే గడువు ముందు పరుగులు తప్పుతాయి. ట్రస్టీలు మారినా బ్యాంకులో పాత సంతకాలే ఉండటం చాలా మామూలు లోపం. డబ్బు రావాల్సిన రోజునే అది బయటపడుతుంది.

ఒప్పందం చేతికొచ్చాక సంతోషంలో సంతకం పెట్టేయకండి. చూడాల్సినవి: డబ్బు ఎన్ని విడతల్లో వస్తుంది, ఒక్కో విడతకు షరతేంటి, ఒక లైను నుంచి ఇంకో లైనుకు అనుమతి లేకుండా ఎంత శాతం మార్చుకోవచ్చు (చాలాచోట్ల 10), మిగిలిన డబ్బు తిరిగివ్వాలా, కాగితాలు ఎన్నేళ్లు దాచాలి. వీటన్నిటిలో సంస్థలను ఎక్కువగా ముంచేది మొదటిదే.

ఏడాది గ్రాంటు 300 అనుకోండి, నెలకు ఖర్చు 25. విడతలు 50, 40, 10 శాతం. మొదట 150 వస్తుంది, సరిగ్గా ఆరు నెలలకు సరిపోతుంది. రెండో విడత ‘ఆరు నెలల రిపోర్టు ఆమోదించాక’. ఆరో నెల పద్దులు ముగించి రిపోర్టు రాసి పంపేసరికి ఏడో నెల సగం. వాళ్లు చదివి, రెండు ప్రశ్నలడిగి, జవాబులు తీసుకుని, డబ్బు పంపేసరికి ఎనిమిదో నెలాఖరు. ఆ రెండు నెలల జీతాలు, 50, ఎవరివి? ఇక చివరి 10 శాతం, అంటే 30, పని మొత్తం అయిపోయి తుది రిపోర్టు ఆమోదం పొందాకే వస్తుంది. అంటే అది గ్రాంటు కాదు, మీరు ముందు పెట్టిన ఖర్చుకు తిరిగి చెల్లింపు. సంతకానికి ముందు అడగాల్సినది ఇది: మొదటి రిపోర్టు నాలుగో నెలాఖరు దాకా జరిగిన పని మీద ఇస్తాం, ఐదో నెలలో పంపుతాం, ఆరో నెలలోగా రెండో విడత విడుదల చేయండి. లేదా మొదటి విడత 60 శాతం చేయండి. చాలా ఫౌండేషన్లు ఒప్పుకుంటాయి, ఎందుకంటే వాళ్లకు పోయేదేమీ లేదు. సంతకమయ్యాక ఇదే మాట అడిగితే బతిమాలినట్టుంటుంది.

పద్దులు రాసేచోట ఒక్క అలవాటు సగం తలనొప్పి తప్పిస్తుంది. ప్రతి వోచరు మీదా, రాసిన రోజే, ఏ గ్రాంటు, ఏ లైను అన్న కోడ్ వేయాలి. ఏడాది చివర కూర్చుని బిల్లులు పంచుకోవడం మొదలుపెడితే ఒకే బిల్లు ఇద్దరు దాతల రిపోర్టుల్లోకి వెళుతుంది. జీతాల విషయంలో ఇది ఇంకా సూక్ష్మంగా జరుగుతుంది. ఒక సమన్వయకర్త జీతం 60 శాతం ఒక ఫౌండేషన్ బడ్జెట్‌లో, 50 శాతం ఇంకో దాంట్లో ఉంటుంది. రెండూ వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులు రాసిన దరఖాస్తులు. రెండూ నెగ్గాయి. మనిషి ఒకరు, జీతం 110 శాతం! మోసం చేయాలని ఎవరూ అనుకోలేదు, కానీ కాగితం మీద అది మోసమే. దీనికి మందు ఒక పేజీ పట్టిక: అడ్డంగా దాతలు, నిలువుగా ఉద్యోగులు, ప్రతి వరుస చివర మొత్తం. ఏ వరుసా 100 దాటకూడదు. కొత్త దరఖాస్తు పంపేముందు ఆ పట్టిక తెరవాల్సిందే.

రిపోర్టుల్లో అంకెలు చెడేది సాధారణంగా మనుషులనూ హాజరునూ కలిపేసినప్పుడు. రోజుకు సగటున 30 మంది పిల్లలు, 250 రోజులు. హాజరు 7,500. రిపోర్టులో ‘7,500 మంది పిల్లలకు లబ్ధి’ అని పడుతుంది. నమ్మేవాళ్లు ఎవరు? రాయాల్సింది ఇలా: చేరినవాళ్లు 52 మంది, మూడింట రెండొంతుల రోజులకన్నా ఎక్కువ వచ్చినవాళ్లు 31 మంది, మధ్యలో మానేసినవాళ్లు 21 మంది, మానేసిన కారణాలు ఇవి. ఇందుకు రిజిస్టరులో పిల్లవాడి పేరుతోపాటు ఒక శాశ్వత నంబరు, చేరిన తేదీ, మానేసిన తేదీ, కారణం అన్న గళ్లు మొదటి రోజు నుంచే ఉండాలి. పదో నెలలో గుర్తు తెచ్చుకుని రాస్తే కారణం గడి నిండా ‘వలస’ అనే ఉంటుంది.

ఫలితం కొలవడంలో ఇంకో గోతి ఉంది, తెలివైనవాళ్లే పడతారు. మొదట్లో 52 మందికీ పరీక్ష పెట్టారు, సగటు 40 మార్కులు. చివర్లో మిగిలిన 31 మందికి పెట్టారు, సగటు 56. పదహారు మార్కులు పెరిగాయని రాసేస్తారు. కానీ ఆ 31 మంది మాత్రమే మొదట్లో ఎంత తెచ్చుకున్నారో తీసి చూస్తే సగటు 48. మానేసినవాళ్లు మొదటి నుంచీ వెనకబడినవాళ్లు, వాళ్లు వెళ్లిపోగానే సగటు దానంతటదే లేచింది. అసలు పెరుగుదల 8. ఆ ఎనిమిదే రాయండి, పక్కనే ‘వెనకబడినవాళ్లు మానేస్తున్నారు, వచ్చే ఏడాది మొదటి రెండు నెలలూ వాళ్లమీదే దృష్టి పెడతాం’ అని రాయండి. మంచి ప్రోగ్రామ్ ఆఫీసరుకు పదహారుకన్నా ఈ వాక్యమే ఎక్కువ విలువైనది. చెడ్డ ఆఫీసరు పదహారే కావాలంటారు, అదీ నిజమే.

ఫలితం కొలిచే సూచికలు మూడో నాలుగో చాలు. పన్నెండు పెట్టుకుంటే టీచరు చదువు చెప్పడం మానేసి ఫారాలు నింపుతుంది. మొదటి కొలత నెలలోపు అయిపోవాలి. అది చేయకుండా పని మొదలుపెడితే తర్వాత ఎంత మంచి ఫలితమొచ్చినా పోల్చడానికి ఏమీ ఉండదు.

డబ్బు మిగిలిపోతుందని ఏడో ఎనిమిదో నెలలో తెలిసిపోతుంది, ఎందుకంటే టీచరు దొరకడం ఆలస్యమై రెండు నెలల జీతం అలాగే ఉంటుంది. చాలామంది చివరిదాకా నోరు విప్పరు, చివరి నెలలో హడావుడిగా కంప్యూటర్లు కొంటారు. తెలిసిన నెలలోనే రెండు పేరాల ఉత్తరం రాయండి: ఎంత మిగులుతుంది, ఎందుకు, దాంతో ఏం చేయాలనుకుంటున్నారు, లేదా అదనపు డబ్బు అడగకుండా గడువు ఎన్ని నెలలు పొడిగించాలి. రాతపూర్వక జవాబు వచ్చేదాకా ఖర్చు పెట్టకండి. ఫోన్లో ‘సరే కానివ్వండి’ అన్న ఆఫీసరు మారిపోతే ఆ సరే కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

షరతుల్లేని గ్రాంటు, అంటే సంస్థ తన అవసరాన్ని బట్టి ఎక్కడైనా వాడుకోగల డబ్బు, అన్నిటికన్నా మేలైనది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వందల ఫౌండేషన్లు పాత గ్రాంట్ల షరతులు సడలిస్తామని ఉమ్మడిగా మాటిచ్చాయి. అదే ఏడాది నుంచి అమెరికా దాత మెకంజీ స్కాట్ షరతుల్లేకుండా పెద్ద మొత్తాలు ఇస్తూ వస్తున్నారు. చిన్న సంస్థకు అలాంటివి తలుపు తట్టి రావు కానీ, రెండో గ్రాంటు మాట్లాడేటప్పుడు ‘ఇందులో పదో వంతు నిల్వ నిధికి పెట్టుకోనిస్తారా’ అని అడగొచ్చు. అడిగినందుకు దరఖాస్తు పోదు.

గ్రాంటు అయిపోయాక ఎలా నడుపుతారన్న ప్రశ్న దాదాపు ప్రతి ఫారంలోనూ ఉంటుంది. ‘స్వయం సమృద్ధి సాధిస్తాం’ అని రాయని దరఖాస్తు అరుదు, నమ్మేవాళ్లు ఇంకా అరుదు. ఉచితంగా చదువు చెప్పే కేంద్రం స్వయం సమృద్ధి ఎలా సాధిస్తుంది? కేంద్రం నడవాలంటే ఏటా 330 కావాలి, అందులో ఊరివాళ్ల విరాళాలు ఇంత, ఇంకో ఇద్దరు దాతలతో మాటలు ఈ దశలో ఉన్నాయి, అవి రాకపోతే రెండు బ్యాచులకు బదులు ఒకటే నడుస్తుంది అని రాయండి. టీచర్ల నియామక పత్రాల్లో గ్రాంటు ముగిసే తేదీ రాయడం, ఆ తేదీకి మూడు నెలల ముందే వాళ్లతో కూర్చుని మాట్లాడటం కూడా ఈ జవాబులో భాగమే.